ఊరికే వచ్చిన పాత కారు ఇంజిన్: ఎనిమిది నెలల తర్వాత నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి మూడు. నాలుగు నెలల కిందట రాసి ఉంటే ఒకటి ఇచ్చి, ఆ ఒకటి కూడా ఇంజిన్ ఇచ్చినాయన మంచితనానికి అని రాసేవాణ్ణి. మొన్న ఆదివారం పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే ఒక్క దెబ్బకి అందుకుని, వణుకూ దగ్గూ లేకుండా ఐడ్లింగ్‌లో నిలబడిపోయింది చూడండి, ఆ సంతోషంలో మూడు చేశాను. వస్తువు వివరాలు: నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్, వాడినది, నాలుగేళ్లుగా షెడ్డులో మూల పడి ఉన్నది, ధర సున్నా. గ్యారంటీ కూడా సున్నా. రెండో సున్నా సంగతి నాకు ఆలస్యంగా అర్థమైంది.

నా బండి ఇంజిన్ అప్పటికే బోరుకొచ్చేసింది, అంటే సిలిండర్లు లోపల అరిగిపోయాయి. వెయ్యి కిలోమీటర్లకి లీటరు ఆయిల్ తాగేది, ఎక్కడైనా ఆగి మళ్ళీ కదిలితే వెనకాల నీలం పొగ. నీలం పొగ అంటే ఆయిల్ మండుతోందని లెక్క. వేడెక్కాక కూడా తెల్లగా, చిక్కగా వస్తూనే ఉంటే కూలెంట్ లోపలికి పోతోందని అనుమానించాలి, నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువ పడుతోందని. నాది నీలమే, సందేహం లేదు. మెకానిక్ రెండు దారులు చెప్పాడు. ఉన్నదాన్ని మొత్తం విప్పి బోరు చేయించి కొత్త పిస్టన్లు వెయ్యడం, లేదా నడుస్తున్న వాడిన ఇంజిన్ ఏదైనా గ్యారంటీతో కొని ఎక్కించడం. రెండూ ఖర్చే. నేను అటూ ఇటూ తేల్చుకోలేక ఊగుతుంటే ఆఫీసులో ఒక అన్న, "మా తోడల్లుడి షెడ్డులో మీ బండి ఇంజినే ఒకటుంది, అడ్డంగా ఉందని తిట్టుకుంటున్నాడు, తీసుకెళ్తే చాలంటాడు" అన్నాడు.

మా బావకి ఫోన్ చేసి చెప్తే ఒకటే మాట అన్నాడు: "ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగే రకం నువ్వు, వద్దంటే మాత్రం ఆగుతావా?" ఆగలేదు.

ఇక్కడే మొదటి తప్పు చేశాను, మీరు చెయ్యకండి. చూడకముందే "తీసుకుంటాను" అనేశాను. డబ్బు పెట్టి కొనేవాడు వంద ప్రశ్నలు అడుగుతాడు. ఊరికే తీసుకునేవాడికి అడగడానికి మొహమాటం. ఇచ్చేవాళ్ళేమో "బండి బాగానే నడిచేదండీ" అంటారు, వాళ్ళు అబద్ధం చెప్పరు, నాలుగేళ్ల కిందట అది బాగానే నడిచి ఉంటుంది. అసలు అడగాల్సిన ప్రశ్న అది కాదు. "ఇంజిన్ని బండిలోంచి ఎందుకు తీశారు?" అని అడగాలి. నడిచే ఇంజిన్ని సరదాకి ఎవడూ కిందికి దించడు. బండిని వెనక నుంచి ఎవరో గుద్దేస్తే బాడీ పోయింది, ఇంజిన్ మిగిలింది అంటే మంచి జవాబు. అంతకంటే పెద్ద ఇంజిన్ ఎక్కించుకున్నారు, ఇది మిగిలింది అన్నా మంచి జవాబే. "పని చేయిద్దామని దించాం, తర్వాత కుదర్లేదు" అంటే మాత్రం, ఏ పని చేయించాలని దించారో ఆ రోగం ఇంకా దానిలోనే ఉందని అర్థం. "ఒకసారి బాగా వేడెక్కింది" అన్నమాట వినిపిస్తే హెడ్డు (సిలిండర్ల పైన మూతలా ఉండేది) వంగి ఉండొచ్చు, దాని కింద సీలులా ఉండే గ్యాస్కెట్ కాలి ఉండొచ్చు, ఖర్మ కాలితే బ్లాకే (సిలిండర్లున్న పెద్ద దిమ్మ) పగిలి ఉండొచ్చు. వరదలో మునిగిన బండిది అంటే దండం పెట్టి వచ్చెయ్యండి. ఇంకో సంగతి, చాలాచోట్ల బండి కాగితాల్లో ఇంజిన్ నంబరు రాసి ఉంటుంది, ఇంజిన్ మారిస్తే అక్కడా మార్పించుకోవాలి. కాబట్టి బ్లాకు మీద నంబరు గీకేసి ఉన్నా, ఇచ్చేవాడు ఆ మాట ఎత్తగానే నసిగినా అది మీకు అక్కర్లేదు, ఎంత ఊరికే వచ్చినా సరే.

నా అదృష్టం బాగుండి నాకొచ్చినది మొదటి రకమే. వెనక నుంచి దెబ్బ తిన్న బండిది. కాబట్టి తీసేనాటికి ఆరోగ్యంగా ఉంది. దాన్ని పాడు చేసింది తీశాక పెట్టిన పద్ధతి.

చూడ్డానికి వెళ్ళినప్పుడు చేతిలో ఏమీ లేకుండా, పెళ్ళిచూపులకి వెళ్ళినట్టు వెళ్ళాను. షెడ్డు చివర రెండు చెక్కల మీద కూర్చోబెట్టి, పైన పాత పరదా కప్పి ఉంది. పరదా తీస్తే మొదట కనిపించింది ఏమిటంటే, సిలిండర్లకి గాలి పంచే గొట్టాల సెట్టు, అదే ఇన్‌టేక్ మానిఫోల్డ్, లేదు, హెడ్డు పక్కన నాలుగు రంధ్రాలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. గుడ్డ ముక్క కూడా కుక్కలేదు. ఫోను లైటు వేసి చూస్తే రెండో రంధ్రంలో గడ్డి, దూది, చింపిన కాగితాలు. ఎలుక గూడు. కొండని తవ్వి ఎలుకని పట్టడం అని వింటాం కదా, నాకు తవ్వకముందే ఎలుక దొరికింది. నేను నవ్వేశాను, అన్న తోడల్లుడు కూడా నవ్వాడు, ఆ నవ్వులోనే అసలు చూడాల్సినవి చూడకుండా వచ్చేశాను.

ఇప్పుడు వెళ్ళమంటే ఏం పట్టుకెళ్తానో చెప్తాను. పొడుగు పిడి ఉన్న పానా ఒకటి, క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) పుల్లీ బోల్టుకి సరిపోయే సాకెట్, ప్లగ్గు పానా, టార్చి, ఒక అయస్కాంతం ముక్క, ఫోనుకి తగిలించుకునే సన్న వైరు కెమెరా. ఇవి ఉంటే అరగంటలో సగం విషయం తెలిసిపోతుంది. అన్నిటికంటే ముందు ప్లగ్గులు నాలుగూ విప్పి, పుల్లీ బోల్టుకి పానా వేసి, చేత్తో తిప్పాలి. ఒక చుట్టు చాలదు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక పూర్తి ఆట అవ్వాలంటే క్రాంకు రెండు చుట్లు తిరగాలి, అప్పుడే గాలి, పొగ వచ్చిపోయే ప్రతి వాల్వూ ఒకసారి తెరుచుకుని మూసుకుంటుంది. కాబట్టి రెండు చుట్లు. చాలా ఇంజిన్లు పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతాయి. పాత హోండాల్లో చాలావాటికి ఇది తిరగబడి ఉంటుంది, అది తెలియక ఎదురు తిప్పి బుర్ర గోక్కున్నవాళ్ళున్నారు. రెండు చుట్లూ ఒకే బరువుతో, మెత్తగా తిరిగితే మంచిది. ఎక్కడైనా టక్కున గట్టిగా ఆగిపోతే పానా మీద ఎక్కి తొక్కకండి, లోపల వంగకూడనివి వంగుతాయి.

విప్పిన ప్లగ్గులు పారేసే ముందు ఏది ఏ సిలిండర్‌దో వరసలో పెట్టుకుని చూడండి. లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే సిలిండర్ బాగా మండిందని. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకి వస్తోందని. మూడు మాసిపోయి, ఒక్కటి మాత్రం తోమిపెట్టినట్టు తెల్లగా మెరుస్తుంటే ముచ్చటపడకండి, ఆ సిలిండర్‌లోకి కూలెంట్ దిగి ఆవిరై దాన్ని కడిగేసి ఉండొచ్చు. ఆయిల్ పోసే మూత తీసి లోపలి వైపు చూడాలి. మీగడ కట్టినట్టు తెల్లటి జిగురు ఉంటే ఆయిల్‌లో నీళ్ళు కలిశాయని అనుమానం. దగ్గర దగ్గర తిరుగుళ్ళకే వాడిన బండిలో ఇంజిన్ సరిగ్గా వేడెక్కక, చెమ్మ పట్టి కూడా అలా వస్తుంది కాబట్టి ఒక్క మూత చూసి తీర్పు చెప్పెయ్యకూడదు, ఆయిల్ కొలిచే గేజ్ పుల్ల మీద కూడా అదే ఉందేమో చూడాలి.

ఇవేవీ నేను చూడలేదు. తీసుకొచ్చేశాను.

తీసుకురావడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఊరికే అనే మాట అక్కడే చచ్చిపోయింది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ అంటే ఏముంది, ఇద్దరం పట్టుకుంటే లేవదా అనుకున్నాం. లేవదు. అల్యూమినియం బ్లాకుదైనా, పైన ఉన్న సామానుతో కలిపి నూరు కిలోల దరిదాపుల్లో ఉంటుంది, పోత ఇనుము బ్లాకుదైతే ఇంకా పైకి పోతుంది. పైగా పట్టుకోడానికి చోటుండదు. మూలలన్నీ చేతులు కోసేవే. ఇద్దరం కాస్త నలుగురమయ్యాం, నలుగురికీ నడుములు పట్టేశాయి. ఇంటికొచ్చాక ఎత్తడానికి ఇంజిన్ క్రేన్ అద్దెకి తెచ్చాను, విప్పడానికి స్టాండు కొన్నాను. స్టాండుకి ఇంజిన్‌ని గేర్‌బాక్సు తగిలే వైపు నుంచే బిగిస్తారు కాబట్టి ముందు అక్కడున్న బరువైన చక్రం, ఫ్లైవీల్, తియ్యాలి, ఆ పని క్రేన్‌కి వేలాడుతుండగానే చెయ్యాలి. మేం దించేసి, స్టాండు దగ్గరికి తీసుకెళ్ళి, బుర్ర కొట్టుకుని మళ్ళీ ఎత్తాం. దారిలో ఇంజిన్ కాస్త పక్కకి ఒరిగి, అడుగునున్న పాత ఆయిల్ సగం స్నేహితుడి బండిలో పారింది. ఆ వాసన ఇంకా పోలేదట. అందుకే, ఎత్తే ముందే ఆయిల్ కార్చేయించండి.

ఆయిల్ మాటొచ్చింది కాబట్టి, మిగిలిన ఆయిల్ తీసినప్పుడు ఒకటి చూశాను. సంప్ (అడుగున ఆయిల్ ఉండే తొట్టి) బోల్టుని మెల్లగా, పూర్తిగా ఊడకుండా వదులు చేస్తే మొదట నల్లటి ఆయిల్ రాలేదు. సన్నగా, తేటగా, తుప్పు రంగులో నీళ్ళు వచ్చాయి, ఒక చిన్న గ్లాసుడు. ఆయిల్ కంటే నీళ్ళు బరువు కదా, నాలుగేళ్లు కదలకుండా ఉంటే నీళ్ళు అడుక్కి దిగి కూర్చుంటాయి, బోల్టు తియ్యగానే అవే ముందొస్తాయి. గబుక్కున బోల్టు లాగేసి ఉంటే ఆయిల్‌లో కలిసిపోయి నాకు తెలిసేదే కాదు. ఆ తర్వాత వచ్చిన ఆయిల్ని పల్చటి గుడ్డలో వడకట్టి ఎండలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. రాగి రంగు మెరుపులు కనిపిస్తే బేరింగులు అరిగి లోపలి పొర బయటపడిందని, అయస్కాంతానికి అంటుకునే రజను ఎక్కువుంటే ఇనుప భాగాలేవో రాసుకుంటున్నాయని. నాకు ఏ మెరుపూ కనిపించలేదు. ఆ రాత్రి బాగా నిద్రపోయాను.

మర్నాడు ప్లగ్గులు తీసి తిప్పితే పావు చుట్టు తిరిగి ఆగిపోయింది. వెనక్కి తిప్పితే మళ్ళీ పావు, ఆగింది. బావ వచ్చి చూసి, "పట్టేసింది రా, తుక్కుకి వేసెయ్" అన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. కెమెరా దించి చూస్తే మూడు సిలిండర్ల గోడలు బాగున్నాయి, ఆయిల్ నిలవడానికి గోడ మీద గీసే సన్న గీతలు, అవే హోనింగ్ గీతలు, అడ్డదిడ్డంగా ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి, మూడో సిలిండర్‌లో మాత్రం గోడ చుట్టూ ఎర్రటి పట్టీ. తుప్పు.

అన్నీ ఒకేచోట, ఒకేలా ఉన్నాయి కదా, ఆ ఒక్కటే ఎందుకు తుప్పు పట్టింది అని చాలాసేపు ఆలోచించాను. ఇంజిన్ ఆగినప్పుడు ఏదో ఒక సిలిండర్‌లో ఇన్‌టేక్ వాల్వు తెరుచుకున్న భంగిమలోనే ఆగుతుంది. మిగతావాటిలో ఆ వైపు దారి చాలావరకు మూసుకునే ఉంటుంది. మానిఫోల్డ్ పీకేసి నోళ్ళు తెరిచి వదిలేశారు కాబట్టి, ఆ తెరిచి ఉన్న వాల్వులోంచి నాలుగు వానాకాలాల చెమ్మ నేరుగా మూడో సిలిండర్‌లోకి పోయి, పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పైన గోడకి తుప్పు కట్టి వాటికి అడ్డం పడింది. నాలుగు గుడ్డ ముక్కలు కుక్కి, ప్లగ్గు రంధ్రాల్లో తలా కాస్త ఆయిల్ పోసి ఉంటే నాకీ రివ్యూ రాసే పని ఉండేది కాదు. ఇచ్చినాయనకి ఇది చెప్పలేదు, ఊరికే ఇచ్చినవాణ్ణి ఏమంటాం.

తుక్కుకి వెయ్యలేదు. ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఆయిల్, డీజిలు సగం సగం కలిపి మూడో సిలిండర్‌లో పోసి వదిలేశాను. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే పానా వేసి, బలం పెట్టకుండా, ఇటు కొంచెం అటు కొంచెం ఊపడం, మళ్ళీ కాస్త పొయ్యడం. మా ఆవిడ దీనికి సంధ్యావందనం అని పేరు పెట్టింది. తొమ్మిదో రోజు కదిలింది. కదిలినప్పుడు శబ్దం ఏమీ రాలేదు, చేతికి తెలిసిందంతే, గట్టిగా బిగుసుకున్న మూత ఒక్కసారి వదులైనట్టు. అక్కణ్ణుంచి పూర్తి చుట్టు తిరిగింది.

తిరిగింది కదా అని బండిలో ఎక్కించేస్తే అది ఇంకో తప్పయ్యేది. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో, చూడాలి. నేలమీద ఉన్న ఇంజిన్‌కి కంప్రెషన్ చూడ్డం కుదరదని చాలామంది అనుకుంటారు, కుదురుతుంది. చాలా ఇంజిన్లలో సెల్ఫ్ మోటారు గేర్‌బాక్సు డొప్పకి బిగుస్తుంది కాబట్టి ఆ డొప్ప, ఫ్లైవీల్ తగిలించి, ఒక మంచి బ్యాటరీ, లావు కేబుళ్ళు ఉంటే చాలు. ముందు కొత్త ఆయిల్ పోసి, ప్లగ్గులన్నీ తీసేసి, గేజ్ ఒక్కో సిలిండర్‌కి బిగించి తిప్పడమే. ఇంజిన్ పిచ్చిగా ఊగుతుంది, గట్టిగా కట్టెయ్యండి. చాలా పెట్రోలు ఇంజిన్లకి 130 నుంచి 190 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) లోపల ఏదో ఒకటి వస్తుంది, మీ ఇంజిన్‌కి ఎంత ఉండాలో దాని మాన్యువల్ చూసుకోండి. అంకె కంటే అంకెల మధ్య తేడా ముఖ్యం, అన్నిటికంటే తక్కువ వచ్చినది ఎక్కువ వచ్చినదానికంటే 10 నుంచి 15 శాతానికి మించి పడిపోకూడదు. నాకు వచ్చినవి వరసగా 162, 158, 95, 160.

ఆ 95 ఎవరి తప్పో తేల్చుకోడానికి పాత చిట్కా ఒకటుంది. ఆ సిలిండర్‌లో ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడాలి. ఆయిల్ రింగుల చుట్టూ చేరి కాసేపు సందులు మూస్తుంది, కాబట్టి అంకె పెరిగితే రింగులది తప్పు, పెరగకపోతే వాల్వులదో గ్యాస్కెట్‌దో. నాది 140కి లేచింది. రింగులే. గాలి ఎక్కించి చూసే పరీక్ష ఇంకొకటుంది, కంప్రెసర్ ఉన్నవాళ్ళకి అది ఇంకా తేలిక: పిస్టన్‌ని పైకి తెచ్చి, వాల్వులు రెండూ మూసుకున్న స్థితిలో సిలిండర్‌లోకి గాలి పంపి చెవి పెట్టి వినడమే. ఇన్‌టేక్‌లోంచి సుయ్‌మంటే ఇన్‌టేక్ వాల్వు, ఎగ్జాస్ట్‌లోంచైతే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూతలోంచైతే రింగులు, కూలెంట్‌లో బుడగలు లేస్తే హెడ్ గ్యాస్కెట్. ఇంత నిజాయితీగా తన రోగం తనే చెప్పే యంత్రం ఇంకోటి లేదేమో.

ఇక హెడ్డు విప్పాల్సి వచ్చింది. తుప్పు పట్టీ మీద గోరు అడ్డంగా గీస్తే గోరు ఆగలేదు, అంటే మరకే గానీ గుంట పడలేదు. గోరు ఆగి ఉంటే బోరు చేయించి పెద్ద సైజు పిస్టన్లు వెయ్యాల్సిందే, అప్పుడు ఊరికే వచ్చిన ఇంజిన్‌కీ నా సొంత ఇంజిన్‌కీ తేడా లేదు, నా దాన్నే బోరు చేయించుకునేవాణ్ణి. లేతు షాపులో హోనింగ్ చేయించి, నాలుగింటికీ కొత్త రింగులు వేయించాను. హెడ్డు మీద ఉక్కు స్కేలు నిలబెట్టి, కింద ఫీలర్ గేజ్ దూర్చి చూశాం, 0.05 మిల్లీమీటరు రేకు దూరలేదు, వంపు లేదు. హెడ్డు బోల్టులు మాత్రం పాతవి వాడనివ్వలేదు మెకానిక్. ఈ రకం బిగించినప్పుడు సాగేవి, ఒక్కసారికే పనికొస్తాయి, రెండోసారి బిగిస్తే ఏ రోజు తెగుతాయో వాటికే తెలియదు అన్నాడు.

ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు అంటారు. నాకు ఏనుగు ఊరికే వచ్చింది, అంకుశాలే నన్ను తినేశాయి. గ్యాస్కెట్ సెట్టు, క్రాంకుతో పాటు వాల్వులని లెక్క తప్పకుండా నడిపించే టైమింగ్ బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంపు, థర్మోస్టాట్, క్రాంకుకి ముందు సీలు, వెనక సీలు, ప్లగ్గులు, ఆయిల్ రెండుసార్లు, కూలెంట్. బెల్టు చూడ్డానికి కొత్తదిలాగే ఉంది, మార్చడం ఎందుకని అడిగాను కూడా. రబ్బరు తిరక్కుండా ఉన్నా ముసలిదవుతుందట, నాలుగేళ్లు ఒకే వంపులో మడిచి పెట్టిన బెల్టు మరీనూ. నాది పిస్టన్లూ వాల్వులూ ఒకే చోటుని వంతులేసుకుని వాడుకునే రకం ఇంజిన్, బెల్టు తెగితే వంతు తప్పి రెండూ గుద్దుకుంటాయి, వాల్వులు వంగుతాయి, అంతటితో కథ మళ్ళీ మొదటికి. వెనక సీలు కూడా అంతే, వస్తువు చిన్నదే, బండిలో ఎక్కించాక కారితే గేర్‌బాక్సు మళ్ళీ దించాలి. ఇంజిన్ చేతికి అందేలా ఉన్నప్పుడే వెయ్యాల్సినవి ఇవి, పొదుపు చెయ్యకండి.

నన్ను కాపాడింది ఒకటుంది. "మీ బండి ఇంజినే" అన్నారు గానీ పక్కపక్కన పెడితే ఇంజిన్ కోడ్‌లో చివరి అక్షరం వేరు. నాది యాక్సిలరేటర్‌కి కేబుల్ ఉన్నది, వచ్చినది ఎలక్ట్రానిక్ థ్రాటిల్ వచ్చాక తయారైనది. ఒకే కుటుంబం ఇంజిన్లలో కూడా లోపల చిన్న తేడాలుంటాయి. అమెరికా కంపెనీ జనరల్ మోటార్స్ వాళ్ళ ఎల్ఎస్ రకం ఇంజిన్లే తీసుకోండి, ముందు వచ్చినవాటికి క్రాంకు సెన్సర్ చదివే చక్రానికి 24 పళ్ళ లెక్క, తర్వాతవాటికి 58, కంప్యూటర్‌కి ఒకటి అర్థమైతే ఇంకోటి అర్థం కాదు. నా విషయంలో ఆ చక్రం, మౌంట్లు, గేర్‌బాక్సు బోల్టుల అమరిక ఒకటే అయ్యాయి. కాబట్టి నా పాత ఇంజిన్ మీదున్న మానిఫోల్డ్, థ్రాటిల్, ఇంజెక్టర్లు, సెన్సర్లు, వైరింగు మొత్తం పీకి దీనికి తొడిగాం. బండి కంప్యూటర్ నాదే ఉంది కాబట్టి తాళంచెవి గుర్తుపట్టే గొడవ కూడా రాలేదు. మీరు పూర్తిగా వేరే ఇంజిన్ ఎక్కించాలనుకుంటే మాత్రం, దానితోపాటు దాని కంప్యూటరు, వైరింగు, బ్రాకెట్లు, డబ్బాలో పడేసిన నట్లూ బోల్టులూ అన్నీ అడిగి తెచ్చుకోండి. ఆ డబ్బా ఇంజిన్ కంటే విలువైనది, నేను ఒక డైనమో బ్రాకెట్ కోసం పన్నెండు రోజులు తిరిగాను.

స్టార్ట్ చేసిన రోజు గురించి ఎక్కువ చెప్పను. పెట్రోలు పంపు ఫ్యూజు తీసేసి, ప్లగ్గులు పెట్టకుండా, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ తిప్పాం, బేరింగులకి ఆయిల్ ముందు చేరాలి కదా. తర్వాత అన్నీ తగిలించి కొడితే రెండోసారికి అందుకుంది, ఒళ్ళంతా పూసిన డీజిలూ ఆయిలూ మండి వీధంతా పొగ, మా బావ దగ్గుతూ "ఉండనీ" అన్నాడు. ఇప్పటికి నాలుగు వేల కిలోమీటర్లు తిరిగాను. ఆయిల్ గేజ్ పుల్ల మీద గీత దిగలేదు. వాల్వ్ కవర్ ఒక మూల చిన్న చెమ్మ ఉంది, అది గ్యాస్కెట్ మూలకి సిలికాన్ సరిగ్గా పెట్టకపోవడం, నా పనే.

మరి మూడే ఎందుకు? లెక్క వేస్తే, గ్యారంటీ ఉన్న వాడిన ఇంజిన్‌కి అయ్యేదాంట్లో దాదాపు మూడింట రెండు వంతులు పెట్టాను, అది కాక ఐదు నెలల ఆదివారాలు. బండి లేకుండా ఐదు నెలలు గడపగలను కాబట్టి సరిపోయింది, రోజూ ఆ బండి మీదే బతికేవాడికి ఇది బేరం కాదు, వాళ్ళు ఒక్క స్టారు కూడా ఇవ్వరు. ఎత్తి పెట్టుకోడానికి కప్పున్న చోటు లేనివాడికీ కాదు. అదే, మీ బండికి సరిగ్గా అదే ఇంజిన్ ఉండి, ప్రస్తుతానికి బాగా నడుస్తుంటే, పట్టేసిన ఇంజిన్ ఊరికే వచ్చినా నేనైతే తెచ్చి పడేస్తాను. సెల్ఫ్ మోటారు, డైనమో, ఇంజెక్టర్లు, కాయిల్స్, హెడ్డు, ఇవేవీ సిలిండర్ తుప్పుతో పాడవ్వవు, రేపెప్పుడో ఒకటి పోతే చేతిలో ఉంటుంది. అన్నీ పీకేశాక మిగిలిన బ్లాకు తుక్కువాడికి. అలా తెచ్చుకునేవాళ్ళకి నాలుగు స్టార్లు. నేను దాన్ని నడిపించాలని తెచ్చుకున్నాను.

నా పాత ఇంజిన్ ఇప్పుడు ఇంటి వెనక రేకుల కింద ఉంది. నోళ్ళన్నిటికీ గుడ్డలు కుక్కి, ప్లగ్గు రంధ్రాల్లో ఆయిల్ పోసి, పైన ప్లాస్టిక్ చుట్టి ఉంచాను. మా ఆవిడ రోజూ దాన్ని దాటుకుంటూ బట్టలారేస్తోంది, రోజూ అడుగుతోంది. మొన్న ఒక తమ్ముడు ఎవరి ద్వారానో తెలుసుకుని ఫోన్ చేశాడు, ఊరికే ఇస్తున్నారట కదా అన్నా, అన్నాడు. అవును, వచ్చి తీసుకెళ్ళు అన్నాను. ఒక్క నిమిషం ఆగి, "ఎందుకు తీశారన్నా?" అని అడిగాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను, బోరుకొచ్చింది, వెయ్యికి లీటరు తాగుతుంది, మానిఫోల్డ్, ఇంజెక్టర్లు లేవు, హెడ్డూ క్రాంకూ బాగున్నాయి అని. ఆదివారం వస్తానన్నాడు. పొడుగు పానా, నలుగురు మనుషులు, ఆయిల్ పట్టడానికి ఒక డబ్బా తెచ్చుకోమన్నాను.